వందే మీనాక్షి, సోలో గిటార్‌కి: ‘నిరినిరి’ దగ్గర బాస్ కదలాలా, శ్రుతి నిలవాలా?

మారేడ్‌పల్లి_గిటార్:

అందరికీ నమస్కారం. ముత్తుస్వామి దీక్షితులవారి నోట్టుస్వరాల్లో (పాశ్చాత్య వరసలకి కట్టిన చిన్న పాటల్లో) ‘వందే మీనాక్షి త్వాం’ ఉంది కదా, దాన్ని క్లాసికల్ గిటార్ మీద ఒక్కరే వాయించుకునేలా రాస్తున్నాను. గొంతు లేదు, తంబూరా లేదు, తాళం వేసేవాళ్లు లేరు. ఉన్నవి ఆరు తీగలు. కొంత దూరం హాయిగానే సాగింది కానీ ఒక చోట గట్టిగా ఆగిపోయాను.

పాట సంగతి తెలియనివాళ్లకి రెండు ముక్కలు. ఈ వరస ఐర్లండ్‌ది. అక్కడ కార్క్ కౌంటీలో మాలో అనే ఊరు, పద్దెనిమిదో శతాబ్దంలో ఊటనీళ్ల స్నానాలకి పేరు. అక్కడికి చేరే డబ్బున్న కుర్రకారు తాగడం, గంతులెయ్యడం, కిటికీలు పగలగొట్టడం, ‘ద రేక్స్ ఆఫ్ మాలో’ పాట నిండా ఇదే గోల. 1740ల నాటికే వరస అచ్చులో ఉంది. దీక్షితులవారి కుటుంబం మద్రాసు పక్కన మణలిలో ముదలియార్ల ఆదరణలో ఉన్న రోజుల్లో, ఆ ముదలియార్లు ఈస్టిండియా కంపెనీకి దుబాసీలు, అంటే మాట అనువదించే మధ్యవర్తులు. సెయింట్ జార్జి కోట బ్యాండు వాయించే వరసలు వినే వీలు అలా కలిగింది. వాటికి ఆయన సంస్కృతంలో సాహిత్యం కట్టారు, నలభై దాకా. తాగుబోతుల పాట వరస మీద మధుర అమ్మవారు వచ్చి కూర్చుంది. నాకు ఈ పాట మీద అంత ప్రేమ కలగడానికి కారణం అదే.

ఇక నా ఇబ్బంది. ఆరో తీగని ఒక స్వరం దించి డి చేశాను. అంటే కింది మూడు తీగలు డి, ఎ, డి. శంకరాభరణం, షడ్జం డి. మొదటి పాదం స-గ, స-గ అని ఊగుతుంది. వెంటనే ని-రి, ని-రి అని ఒక మెట్టు దిగి మళ్లీ ఊగుతుంది. స-గ కింద డి బాస్ (అడుగున మోగే స్వరం) వేస్తే బాగుంది. ని-రి కింద ఏం వెయ్యాలి? బాస్‌ని ఎ కి మారిస్తే వెంటనే ఐరిష్ డాన్స్ అయిపోతోంది, అమ్మవారు మాయం. డి అలాగే మోగిస్తే కీర్తన నిలబడుతోంది కానీ నిషాదం షడ్జానికి తగిలి గీసుకుంటోంది. మీరైతే ఏం చేస్తారు?


ఆరోతీగ:

మార్చాలి. ఇందులో నాకు సందేహం లేదు.

కారణం చెప్తాను. ఈ వరసలో కార్డ్ (కలిసి మోగే స్వరాల గుంపు) బయటి నుంచి తెచ్చి పెట్టేది కాదు. వరసే కార్డ్. స-గ, స-గ అంటే డి మేజర్‌ని రెండు ముక్కలుగా విరిచి వాయించడం. ని-రి, ని-రి అంటే ఎ మేజర్‌లో పై రెండు స్వరాలు. ఫిడేలు మీద ఒక్కడే వాయించినా వినేవాడి చెవికి బాస్ మారినట్టే తెలుస్తుంది. అలాంటి చోట కింద డి పట్టుకుని కూర్చుంటే, వరస ఒక మాట చెప్తుంటే చెయ్యి ఇంకో మాట చెప్పినట్టు ఉంటుంది.

ఇంకో సంగతి, దీన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోరు. దీక్షితులవారు 1775 నుంచి 1835 దాకా ఉన్నారు. మన గిటార్ పెద్దలు ఫెర్నాండో సోర్ 1778–1839, మౌరో జూలియానీ 1781–1829. ముగ్గురూ ఒకే తరం! జూలియానీ ఓపస్ (రచన సంఖ్య) 125 చూడండి, ఆరు ఐరిష్ పాటలకి గిటార్ వేరియేషన్లు. సోర్ ఓపస్ 40 ఒక స్కాట్లండ్ పాట మీద. అంటే ఆ ద్వీపాల పాటలు ఒకే కాలంలో అటు యూరప్‌లో గిటార్ మీదకి, ఇటు తమిళదేశంలో సంస్కృతంలోకి వెళ్తున్నాయి. ఈ పాటని ఇప్పుడు గిటార్‌కి రాయడం అంటే కొత్త సాహసం ఏమీ కాదు, అప్పట్లో కలవకుండా పోయిన రెండు దారుల్ని కలపడం. సోర్ చేతికి ఈ వరస దొరికితే ని-రి కింద ఎ వేసేవాడు, రెండో ఆలోచన లేకుండా.


రాంకోఠి_వీణ:

నాయనా మారేడ్‌పల్లీ, మంచి పని ఎత్తుకున్నావు. ఆరోతీగ గారు చెప్పింది విన్నాను. సోర్ ఏం చేసేవాడో నాకు తెలియదు కానీ దీక్షితులవారు వైణికులు. ఆ సంగతి మర్చిపోయి ఈ పాట గురించి మాట్లాడకూడదు.

వీణకి వాయించే తీగలు నాలుగు. పక్కన తాళం తీగలు మూడు, అవి స, ప, పై స. వాటికి మెట్లు ఉండవు. ఎడమ చేతికి వాటితో పని లేదు. కుడి చేతి చిటికెన వేలు మీటుతూ ఉంటుంది, రాగం ఎటు పోయినా అవి అక్కడే ఉంటాయి. నువ్వు ఆరో తీగ దించాక నీ కింది మూడు తీగలు ఏమయ్యాయో చూశావా? స, ప, స. ఒక స్థాయి కిందగా, అంతే తేడా. నీ చేతిలో తాళం తీగలు పెట్టుకుని వాటిని బాస్ అని ఎందుకు అంటున్నావు?

నిషాదం షడ్జాన్ని గీసుకుంటోందన్నావు. గీసుకోవాలి. కాకలి నిషాదం, అంటే షడ్జానికి ఆనుకుని ఉండే ని, దాని పని అదే. మేము సరళీ వరసల దగ్గర నుంచి ఆ గీతని వింటూ పెరుగుతాం, మళ్లీ స పలికినప్పుడు వచ్చే సుఖం అందుకే అంత ఉంటుంది. దాన్ని తుడిచెయ్యడానికి బాస్ మారుస్తే పాటలో ఉప్పు తీసేసినట్టే.

గమకాలు మాత్రం పెట్టకు. నోట్టుస్వరాలు గమకం లేకుండానే పాడతారు. ఆ రకంగా మెట్ల మధ్య తీగ లాగలేని నీ వాద్యానికి ఇది దేవుడిచ్చిన పాట.


కోఠి_పాతపుస్తకం:

రాసే ముందు పాఠం ఏది పట్టుకుంటున్నారో చెప్పండి మారేడ్‌పల్లి గారూ. యూట్యూబ్‌లో విని రాస్తే ఒక్కొక్కరు ఒక్కోలా పాడతారు.

తెలుగువాళ్లకి ఇందులో ఒక అదృష్టం ఉంది. దీక్షితుల వంశంలోని సుబ్బరామ దీక్షితులవారు ఎట్టయపురంలో కూర్చుని ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ని తెలుగులో రాశారు, 1904లో వచ్చింది. ఆ మరుసటి ఏడు నేర్చుకునేవాళ్ల కోసం ‘ప్రథమాభ్యాస పుస్తకము’ వేశారు, అదీ తెలుగే. నోట్టుస్వరాలు మీకు కావలసినవి అందులో దొరుకుతాయి, స్వరాలతో సహా. ఏ అనువాదమూ అక్కర్లేదు. అంతకు ముందే 1893లో చిన్నస్వామి ముదలియార్ మన సంగీతాన్ని స్టాఫ్ నొటేషన్‌లో (పాశ్చాత్యుల ఐదు గీతల స్వరలిపిలో) అచ్చువేయడం మొదలుపెట్టారు. దీక్షితుల సొత్తు అచ్చులోకి రావడానికి ఆయన పడ్డ పాటు తక్కువది కాదు. ఇంకా వెనక్కి వెళ్తే 1830ల్లో మన సి.పి.బ్రౌన్ రాయించిన ప్రతుల్లోనూ ఈ యూరోపియన్ వరసల పాటలు ఉన్నాయి. వేమనని కాపాడినాయన చెయ్యి ఇక్కడా పడిందన్నమాట.

బాస్ సంగతి నేను తేల్చలేను. ఒక హెచ్చరిక మాత్రం చేస్తాను. 1789లో కలకత్తాలో విలియం హామిల్టన్ బర్డ్ అనే ఆయన మన హిందుస్తానీ పాటల్ని హార్ప్‌సికార్డ్‌కి రాసి అచ్చువేశాడు. ఇది మీరు చేసే పనికి ఎదురు దిక్కు. తాళంలోకి తేవడానికే నానా అవస్థ పడ్డానని ముందుమాటలో చెప్పుకున్నాడు. ఆ పుస్తకంలో పాటలు అందంగానే ఉంటాయి కానీ ఎడమ చేతికి అచ్చం ఇంగ్లీషు డ్రాయింగ్ రూమ్ బాస్ కట్టేసరికి, తరానానో టప్పానో అన్న తేడా కరిగిపోయింది. బాస్‌కి అంత బలం ఉంది. పై వరస ఒక్క అక్షరం మార్చకపోయినా కిందది మారిస్తే పాట ఊరు మారిపోతుంది.


బోయిన్‌పల్లి_బ్యాండ్:

అన్నా, మీరంతా అమ్మవారి దగ్గర, డ్రాయింగ్ రూమ్ దగ్గర ఉన్నారు. మధ్యలో బ్యాండు ఏది? దీక్షితులవారు విన్నది బ్యాండు కదా. మా సికింద్రాబాద్ పుట్టిందే 1806లో పటాలంతో. నేను కంటోన్మెంట్ చర్చిలో ఆర్గాన్ వాయిస్తా, పెళ్లి బ్యాండులో కీబోర్డ్ కూడా వాయిస్తా. నాకు ఈ పాట వినగానే చెవిలో సైడ్ డ్రమ్ మోగుతుంది.

గిటార్ మీద సైడ్ డ్రమ్ వస్తుంది, తెలుసా? ఐదో తీగని ఆరో తీగ మీదకి ఎక్కించి, ఏడు తొమ్మిది ఫ్రెట్ల మధ్య ఎడమ చేతి వేలితో రెండూ కలిపి నొక్కి పట్టుకుని కుడి చేత్తో మీటాలి. స్వరం రాదు, బర్ర్ అని స్నేర్ శబ్దం వస్తుంది. స్పెయిన్ గిటార్ విద్వాంసుడు తార్రెగా ‘గ్రాన్ హోతా’లో వాడాడు. నాలుగు బార్లు అలా మొదలుపెట్టి, దూరం నుంచి పటాలం వస్తున్నట్టు మెల్లగా పెంచి, అప్పుడు స-గ స-గ ఎత్తుకోండి. వినేవాళ్లకి కథ మొత్తం అర్థమైపోతుంది, మైకులో చెప్పక్కర్లేదు.


కొత్తవేలు:

నేను గిటార్ మొదలుపెట్టి కొద్దికాలమే అయ్యింది, అక్కలూ అన్నలూ. రెండు డౌట్లు. ఇది నాలాంటివాళ్లకి వస్తుందా? ఇంకోటి, ‘శ్యామలే మీనాక్షి’ కూడా నోట్టుస్వరమే కదా, అది ట్వింకిల్ ట్వింకిల్ ఇంగ్లీష్ పాట నుంచి వచ్చిందని మా సంగీతం టీచర్ చెప్పారు. ముందు అది నేర్చుకోనా?


కోఠి_పాతపుస్తకం:

వరస ఫ్రెంచిది తమ్ముడూ. 1761లో అచ్చయింది, మోజార్ట్ దాని మీదే పియానో వేరియేషన్లు రాశాడు, కె.265. ‘ట్వింకిల్’ పద్యం జేన్ టేలర్ రాసింది, అది 1806లో వచ్చింది. పద్యం కంటే వరస చాలా పాతది. కాబట్టి ‘శ్యామలే మీనాక్షి’ని పిల్లల పాటకి సంస్కృతం అని తేలిక చెయ్యొద్దు.


ఆరోతీగ:

కొత్తవేలు, నిశ్చింతగా వాయించొచ్చు. మొదటి పాదానికి ఎడమ చెయ్యి దాదాపు కదలదు. మామూలు డి కార్డ్ పట్టుకో: మూడో తీగ రెండో ఫ్రెట్ మీద చూపుడు వేలు, రెండో తీగ మూడో ఫ్రెట్ మీద ఉంగరపు వేలు, ఒకటో తీగ రెండో ఫ్రెట్ మీద మధ్య వేలు. రెండో తీగ మీద ఉన్నది స, ఒకటో తీగ మీద ఉన్నది గ. వాటినే మార్చి మార్చి మీటితే పాట. ని-రి దగ్గర మధ్య వేలు రెండో తీగ రెండో ఫ్రెట్‌కి వస్తుంది, అది ని. ఒకటో తీగ ఉత్తిదే రి. చూపుడు వేలు మాత్రం మొదటి నుంచీ చివరి దాకా లేవకూడదు. అది పంచమం, రెండు చోట్లా సరిపోతుంది.

బోయిన్‌పల్లి గారి స్నేర్ నాకు నచ్చింది. కానీ ఆరో తీగ, ఐదో తీగ డ్రమ్ముకి ఇచ్చేశాక మళ్లీ విడదీసి వాటినే బాస్‌గా వాడాలి. విడదీసేటప్పుడు టప్ మని శబ్దం వస్తుంది, తీగ శ్రుతి కూడా కొంచెం జారొచ్చు. నాలుగో బార్ చివర ఒక పూర్తి బీట్ ఖాళీ పెట్టుకోండి.


మారేడ్‌పల్లి_గిటార్:

అందరికీ దండాలు. పాతపుస్తకం గారూ, ప్రథమాభ్యాస పుస్తకం పాఠమే పట్టుకుంటాను. యూట్యూబ్‌లో విన్నవి పక్కన పెట్టేశాను.

రెండు రకాలూ రికార్డ్ చేసుకుని విన్నాను. బాస్ మార్చింది శుభ్రంగా ఉంది, ఎవరు విన్నా బాగుందంటారు, కానీ అది నూటికి నూరుపాళ్లు మాలో ఊరే. డి నిలిపింది నాకు ఇష్టమైంది. అందులో ఒకటే ఇబ్బంది, రాంకోఠి అమ్మగారూ: నిషాదం గీసుకోవడం కంటే ముందే గాంధారం నా చెవికి ఇంపుగా లేదు. కింద మూడు తీగలూ మోగుతుంటే గ కాస్త ఎగిరిపడుతున్నట్టు ఉంది. గిటార్ శ్రుతి రెండుసార్లు సరిచూశాను, సరిగానే ఉంది.


రాంకోఠి_వీణ:

నీ చెవి సరిగానే ఉంది నాయనా. వీణ మెట్లు మైనంలో కూర్చోబెడతాం, చెవితో సర్దుకుంటాం. మీ మెట్లు లెక్కతో కొట్టినవి.


ఆరోతీగ:

అవును, లెక్క ఇది: గిటార్ ఫ్రెట్లు స్థాయిని పన్నెండు సమాన భాగాలు చేస్తాయి. అందులో గాంధారం, శుద్ధంగా మోగే గాంధారం కంటే దాదాపు 14 సెంట్లు (ఒక ఫ్రెట్ దూరంలో నూరో వంతు ఒక సెంటు) పైన ఉంటుంది. కార్డులో వేగంగా పోతే తెలియదు. శ్రుతి నిలిపి మోగిస్తే తెలిసిపోతుంది. తంబూరా పద్ధతిని గిటార్ మీద నేను అంతగా ప్రోత్సహించకపోవడానికి అదొక కారణం.

దారి ఉంది. కింది తీగల్ని గట్టిగా కొట్టకండి, వేలి మాంసంతో మీటండి, గోరు వద్దు. గోరు తగిలితే పై స్వరాంశాలు ఎక్కువ మోగుతాయి, వాటిలో ఒకటి సరిగ్గా ఆ శుద్ధ గాంధారమే, మీ ఫ్రెట్ గాంధారంతో కొట్లాట అక్కడే. అలాగే మూడు తీగల్నీ ఒకేసారి మోగించకుండా ఒక బీట్ స, ఒక బీట్ ప అని విడదీయండి. నైలాన్ తీగ నాదం త్వరగా తగ్గుతుంది కాబట్టి చెవికి అడ్డురాదు.


రాంకోఠి_వీణ:

ఒక బీట్ స, ఒక బీట్ ప అన్నారు కదా ఆరోతీగ గారూ, ఇప్పుడు నేను మీ దగ్గరికి ఒక అడుగు వస్తాను. మొదటి పాదంలో అలాగే మీటనివ్వండి. ని-రి వచ్చినప్పుడు స మీటొద్దు. ప ఒక్కటే మీటమనండి. వీణ మీదా మేము మూడు తాళం తీగల్నీ ఎప్పుడూ ఒకేలా మీటం, పాటని బట్టి ఒత్తిడి మారుస్తాం. శ్రుతి నిలిచినట్టే ఉంటుంది. షడ్జం ముందు మీటిందే వెనకాల పల్చగా మోగుతూ ఉంటుంది, కొత్తగా వచ్చి నిషాదం మీద పడదు.


ఆరోతీగ:

అమ్మా, మీరు మీటమన్న ప ఏమిటి? ఐదో తీగ, ఎ. నేను మొదటి నుంచీ ని-రి కింద వెయ్యమంటున్న బాస్ అదే!

అంటే మీ లెక్కలో శ్రుతి కదలలేదు, నా లెక్కలో బాస్ కదిలింది. తీగ ఒకటే. ఎ మీద ని, రి కలిస్తే పూర్తి ఎ మేజర్. ఈ వరస రెండు సంగీతాల్లోనూ అంత సునాయాసంగా ఎందుకు ఇమిడిందో నాకు ఇప్పుడు తెలుస్తోంది. ఐర్లండ్ వాడికి కావలసిన రెండో బాస్ స్వరమూ, వైణికుడి శ్రుతిలో రెండో తీగా పంచమమే. దీక్షితులవారు వీణ ఒళ్లో పెట్టుకుని ఈ బ్యాండు వరస పలికించి ఉంటే ఆయన తాళం తీగ అప్పటికే ఆ పని చేస్తూ ఉండేది.

మిగిలింది, ముందు మీటిన స ఎంతసేపు మోగాలి అన్నది. అది కుడి బొటనవేలు తేల్చాలి. మారేడ్‌పల్లి గారూ, జాగ్రత్తగా చూడండి. ఐదో తీగని బొటనవేలితో రెస్ట్ స్ట్రోక్ కొడితే, వేలు వెళ్లి నాలుగో తీగ మీద ఆగుతుంది. అంటే నాలుగో తీగ డి ఆగిపోతుంది. అదే సమయంలో బొటనవేలి వెనక పక్కని ఆరో తీగకి ఆనిస్తే ఆ డి కూడా ఆగిపోతుంది. ఒక్క కదలికలో రెండు షడ్జాలూ మౌనం, పంచమం మాత్రమే మోగుతుంది. స-గ మళ్లీ వచ్చినప్పుడు స కొత్తగా పుట్టినట్టు ఉంటుంది. ఇది నెమ్మదిగా విడిగా సాధన చెయ్యాలి, పాటలో నేర్చుకుంటే రాదు.


రాంకోఠి_వీణ:

రెండూ ఆపొద్దు. ఒకటి మోగనివ్వండి. తాళం తీగని వేలితో మూసేవాళ్లని నేను చూడలేదు.


మారేడ్‌పల్లి_గిటార్:

ఇప్పుడే వాయించి వస్తున్నాను. ఫ్రీ స్ట్రోక్‌తో కొడితే బొటనవేలు నాలుగో తీగ పైనుంచి వెళ్లిపోతుంది, ఆ డి మోగుతూనే ఉంటుంది. ఆరో తీగ మాత్రం వేలి వెనక తగిలి ఆగుతుంది. కింది స్థాయి షడ్జం బరువు పోయి, మధ్య షడ్జం పల్చగా మిగులుతోంది. నాకు ఇదే కావాలి. నిషాదం గీత వినిపిస్తుంది, కానీ దూరం నుంచి. నొటేషన్‌లో ఈ రెండు బార్ల మీద ‘ఫ్రీ’ అని రాస్తాను. సోర్ పద్ధతి ఇష్టమైనవాళ్లు రెస్ట్ స్ట్రోక్ కొట్టుకోవచ్చని కింద ఒక మాట పెడతాను, కానీ అచ్చులో ఉండేది ఫ్రీయే.

స్నేర్ మొదట్లో ఉంటుంది, నాలుగు బార్లు. కొందరు చివర ట్రెమొలో (ఒకే స్వరాన్ని వేగంగా మళ్లీ మళ్లీ మీటడం) పెట్టమని నాకు విడిగా రాశారు. పెట్టను. ఇంత చిన్న పాటకి అంత అలంకారం మొయ్యలేని భారం. సెవెన్త్ కార్డులు కూడా వద్దు.


బోయిన్‌పల్లి_బ్యాండ్:

స్పీడ్ ఎంత అన్నా? మా పద్ధతిలో అయితే నిమిషానికి 120 బీట్లకి తగ్గకూడదు, కాళ్లు కదలాలి.


రాంకోఠి_వీణ:

‘సరసిజ వక్త్రే’ అని నోరారా పలికి చూడు బాబూ 120లో. ‘వక్త్రే’ నోట్లోనే ఉండిపోతుంది. సాహిత్యం ఉన్న పాటకి సాహిత్యమే వేగం చెప్తుంది, గిటార్ మీద గొంతు లేకపోయినా సరే. మనసులో పాడుకుంటూ వాయించాలి.


మారేడ్‌పల్లి_గిటార్:

96 దగ్గర నాకు అక్షరాలు స్పష్టంగా వస్తున్నాయి, ఊపు కూడా చావలేదు. అదే పెడతాను.


కొత్తవేలు:

మా అమ్మ ఈ పాట పాడుతుంది, ఐదు కట్టెల శ్రుతి. డిలో వాయిస్తే ఆమెకి మరీ కింద కదా?


ఆరోతీగ:

డి అంటే రెండు కట్టెలు. ఐదో ఫ్రెట్‌లో క్యాపో (తీగలన్నిటినీ ఒకేచోట నొక్కి పట్టే బిగింపు) పెట్టు, అదే చేతివాటంతో ఐదు కట్టెలు వస్తుంది. క్యాపో పెట్టాక ఆరో తీగ శ్రుతి మళ్లీ చూసుకో, దించిన తీగ కాబట్టి అదే ముందు జారుతుంది.


రాంకోఠి_వీణ:

మారేడ్‌పల్లీ, ఆదివారం వీలు చేసుకుని రాంకోఠి రా. నా వీణ మూడు కట్టెలకి ఉంటుంది. నువ్వు రెండో ఫ్రెట్‌లో క్యాపో పెట్టుకుంటే కలుస్తుంది. ని-రి దగ్గర నేను తాళం తీగలు ఆపను, నువ్వు నీ ఆరో తీగ ఆపు. ఆరోతీగ గారు కూడా వస్తే ఎదురుగా కూర్చుని ఏది బాగుందో చెప్తారు.


ఆరోతీగ:

వస్తానమ్మా. ఉదయమైతే మేలు, ఎండ ఎక్కాక ఆటోలో గిటార్ పెట్టె వేడెక్కితే శ్రుతి నిలవడానికి గంట పడుతుంది.


మారేడ్‌పల్లి_గిటార్:

పదింటికి అక్కడ ఉంటాను. రెండో భాగానికి వేళ్ల గుర్తులు ఇంకా వెయ్యలేదు, అవి మీ ఇద్దరి ముందే వేద్దాం. అది అయ్యాక పూర్తి నొటేషన్, ట్యాబ్ రెండూ ఇక్కడే పెడతాను.